రెండువందల షేర్లు, పదిరోజుల మైల

మా ప్రాంతంలో ఆ రోజుల్లో ఇంటికి తంతి, అదే టెలిగ్రాం, వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. పెళ్ళికి శుభలేఖ వచ్చేది, బిడ్డ పుడితే కార్డు వచ్చేది. తంతి మాత్రం చావుకే. బిట్రగుంట నుంచి తంతి బంట్రోతు సైకిలెక్కి తూర్పు దారి పట్టాడంటే, దారిలోని ఊళ్ళవాళ్ళు చేతిలో పని ఆపి, అతను ఏ మలుపు తిరుగుతాడా అని చూసేవారు. అతనికీ ఆ మర్యాద తెలుసు. ఊళ్ళోకి తిరగగానే సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చేవాడు. గంట కొట్టేవాడు కాదు.

ఆ ఇంట్లో నేను ఒక్కణ్ణే ఉన్న కాలంలో నాకు రెండు తంతులు వచ్చాయి. మొదటిది చావు కబురు కాదు. కాదని నేను ఎవరికీ చెప్పలేదు.

మాది ఒకప్పుడు శ్రోత్రియం, అంటే ఇనాం భూములున్న కుటుంబం. తాత నాడు మా గట్టు మీద నిలబడితే సముద్రం దాకా మాదే. ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి చాలా భూమి పోయింది. నాన్న ఇతరుల ప్రోనోట్ల మీద పెట్టిన హామీ సంతకాల వల్ల మిగిలిన దాంట్లో చాలా పోయింది. ఆయన పోయేనాటికి మిద్దె ఇల్లు, రెండెకరాల మాగాణి, ఒక రేకుపెట్టె మిగిలాయి. పెట్టెలో రెండువందల షేరు కాగితాలు ఉండేవి. మద్రాసులో ఒక బట్టల మిల్లు పెట్టినప్పుడు స్నేహితుడి మాట కాదనలేక తాత కొన్నవి. ఆకుపచ్చ అంచు, మధ్యలో మిల్లు బొమ్మ, కింద గుండ్రని దస్తూరీతో తాత పేరు. ఆ మిల్లును మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కాని ఏటా ఆగస్టులో అక్కడి నుంచి వెయ్యి రూపాయలు వచ్చేవి.

అవి నాకూ అక్కకూ చెరిసగమని నాన్న చెప్పి పోయాడు. అక్క బెజవాడలో కాపురం. కర్మకాండ అయ్యాక పెట్టె ఆమె ముందు పెడితే మూత కూడా తియ్యలేదు.

“కాగితాలు చింపి పంచుకుంటామా? నీ దగ్గరే ఉండనీరా. సగం డబ్బు పంపు, చాలు” అంది.

ఏటా ఐదువందలు మనియార్డరు చేసేవాణ్ణి. మిగిలిన ఐదువందలు, రెండెకరాల గింజలు నాకు సరిపోయేవి. సరిపోవడమంటే, ఒకరి గడప ముందు నిలబడి పని అడగనక్కర్లేకుండా ఉండటం. నాకు ఆ రేకుపెట్టె విలువ అదే.

ఇంట్లో పదకొండు గదులు. నేను వాడేది ఒకటి. మా అరుగు మీద ఎవరూ కూర్చునేవారు కాదు. తాత ఉన్నప్పుడు భయంతో కూర్చోలేదు, ఇప్పుడు అవసరం లేక కూర్చోవడం లేదు. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. నేనుగా వెళ్ళి ఎవరినీ పలకరించేవాణ్ణి కాదు. అది మా ఇంటి పద్ధతి కాదనుకునేవాణ్ణి.

నాకు ఉన్న కోరిక ఒకటే. సముద్రం ఒడ్డున మా సరుగుడు తోట ఉండేది. నాన్న అమ్మేశాడు. అమ్మనూ నాన్ననూ దహనం చేసింది ఆ తోట అంచునే. ఇప్పుడు అక్కడికి పోవాలంటే కావలివాణ్ణి అడగాలి. అతను మంచివాడే, ఎప్పుడూ కాదనలేదు. కాని నేను అడగాలి.

తోటను కొన్నవాడు బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు ఉన్న షావుకారు. వాళ్ళ నాయన మా తాత కళ్ళంలో వడ్లు కొలిచినవాడు. ఆ సంగతి ఆయనకు గుర్తుంది, నాకూ గుర్తుంది. అందువల్ల నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైనా ఆయన నన్ను చిన్నయ్యా అని పిలిచేవాడు. నేను ఆయన్ను షావుకారూ అనేవాణ్ణి. గారు చేర్చేవాణ్ణి కాదు.

తోట తిరిగి ఇస్తావా అని అడగడానికి ఒకసారి మిల్లుకు వెళ్ళాను. ఊక దుమ్ములో చెక్క కుర్చీ తుడిచి వేశాడు.

“ఎనిమిదివేలు తెచ్చుకో చిన్నయ్యా, రాసిస్తా. ఇంకొకరికి అమ్మను” అన్నాడు.

“ఎన్నాళ్ళు ఆగుతావు?”

“నువ్వు ఆగమన్నన్నాళ్ళు. చెట్లు నన్ను కూడు పెట్టమంటాయా ఏంది?”

అప్పుడే టెలిఫోను మోగింది. అవతల మద్రాసు. ఆయన ఏదో షేరు పేరు చెప్పి “మూడువందలు అమ్మండి” అని అరిచాడు. ఫోను పెట్టాక, ఆ షేర్లు ఎప్పుడు కొన్నావని అడిగాను.

“కొనలా. ముందు అమ్మినా, తర్వాత కొంటా.”

“లేని సరుకు ఎట్టా అమ్ముతావు షావుకారూ?”

“కోతలకి ముందు వడ్లు అమ్మేవోణ్ణి, కాగితాలు అమ్మలేనా? దీన్ని మద్రాసులో షార్టు అంటారు. ధర దిగుద్దని నాకు తోచింది. బ్రోకరు కాడ ఇంకొకడి షేర్లు అప్పు తీసుకుంటా. ఈపొద్దు అరవైకి అమ్ముతా. నలభై అయినప్పుడు కొని, వాడివి వాడికి ఇచ్చేస్తా. మధ్యలో ఇరవై నాది.”

“దిగకుండా పెరిగితే?”

“పెరిగితే ఎంతకైనా సరే కొని ఇవ్వాల్సిందే. కొన్నోడి నష్టం సున్నా కాడ ఆగుద్ది చిన్నయ్యా. నా నష్టానికి పైన ఆకాశమే.”

“తన షేర్లు నువ్వు అమ్ముతుంటే ఆ ఇంకొకడు ఊరుకుంటాడా?”

ఆయన పొట్ట కదిలేలా నవ్వాడు. “వాడికి తెలిస్తే గదా! అప్పుకి కొన్నోళ్ళ కాగితాలన్నీ బ్రోకరు పెట్టెలోనే పడుంటాయి. అవే తీసి మాకిస్తాడు.”

అప్పుకు కొనడమనేది ఒకటి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అన్నీ అడిగి తెలుసుకున్నాను. పూర్తి ధర కట్టకుండా షేర్లు కొనవచ్చు. కొంత మనం పెట్టాలి, మిగతాది బ్రోకరు వడ్డీకి పెడతాడు. మనం పెట్టేదాన్ని మార్జిను అంటారు. డబ్బు లేకపోతే పాత షేర్లు పూచీగా ఇచ్చినా సరే. నా రెండువందల షేర్లు అప్పటి అరవై రూపాయల ధరకు పన్నెండువేలు చేస్తాయి. వాటిని పూచీ పెట్టి, ఇరవైనాలుగువేల అప్పుతో అదే మిల్లువి ఇంకో నాలుగువందలు కొనవచ్చు. ధర ఎనభైకి పోతే ఆ నాలుగువందలు అమ్మి అప్పు తీర్చెయ్యడమే. వడ్డీ పోను ఎనిమిదివేల దాకా మిగులుతుంది. తాత కాగితాలు తిరిగి పెట్టెలోకి వస్తాయి, తోట తిరిగి మా చేతికి వస్తుంది.

నా ముఖం చూసి షావుకారు నవ్వు ఆపాడు.

“నువ్వు కొనబాక చిన్నయ్యా. ధర పడిందంటే పూచీ తగ్గిపోద్ది, బ్రోకరు ఇంకా తెమ్మంటాడు. గడువు పెట్టి అడుగుతాడు. మేము ఒకరిచేత అడిగించుకుని బతికినోళ్ళం. మీ ఇంటి మనుషులు దానికి పనికిరారు.”

ఆయన వద్దని ఉండకపోతే కొనేవాణ్ణి కాదేమో.

ఆ వేసవిలో రేకుపెట్టె పట్టుకుని మద్రాసు వెళ్ళాను. బ్రోకరు నా వయసువాడే. మేడ మీద చిన్న గది, రెండు టెలిఫోన్లు. తాత కాగితాలు లెక్కపెట్టుకుని, ఖాళీ బదిలీ ఫారాలు నా ముందు పెట్టాడు. కొనేవాడి పేరు ఖాళీగా ఉండగానే అమ్మేవాడి చోట నేను సంతకాలు చేశాను. నాన్న పోయాక అవన్నీ నా పేరుకు మార్పించుకున్నాను గనక నా సంతకం చాలు. అప్పు పోను మిగిలే నా భాగం మొత్తం షేర్ల విలువలో నాలుగో వంతుకు తగ్గకూడదని, తగ్గితే పూరించాలని, పూరించకపోతే అమ్మేస్తామని ఇంగ్లీషులో ఉన్న పత్రం మీదా సంతకం చేశాను. తర్వాత అతను నన్ను మార్కెట్టు చూడటానికి తీసుకువెళ్ళాడు. ఒక హాలులో యాభై అరవైమంది నిలబడి అరుస్తున్నారు. ధరను ఎవరో పెద్దవాళ్ళు నిర్ణయిస్తారని అప్పటిదాకా నా నమ్మకం. అదేమీ కాదు. కొనేవాడు ఒక అంకె అరుస్తాడు, అమ్మేవాడు ఒక అంకె అరుస్తాడు. రెండూ కలిసిన చోట ధర పుడుతుంది. మరుక్షణం అది చచ్చిపోయి ఇంకొకటి పుడుతుంది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం సైకిలు మీద బిట్రగుంట స్టేషనుకు పోయేవాణ్ణి. మద్రాసు పేపరు మెయిలు బండిలో వచ్చేది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని ధరల పేజీ మాత్రం చదివేవాణ్ణి. రూపాయి పెరిగితే నాకు ఆరువందలు. అరవైరెండు, అరవైనాలుగు, ఒక దశలో అరవైఆరు. రైల్వే కాలనీ పిల్లలు పట్టాల పక్కన ఆడుకుంటూ ఉంటే, నేను ఆ బెంచీ మీద కూర్చుని తోటకు కంచె ఎలా వేయించాలో ఆలోచించేవాణ్ణి. ఈ సంతోషం చెప్పుకోవడానికి నాకు మనిషి లేడు. అక్కకు రాయవచ్చు. కాని షేర్లు పూచీ పెట్టానని ఆమెకు రాయలేదు. తోట కాగితం చేతికొచ్చాక చెబుదామనుకున్నాను.

అక్టోబరులో సరిహద్దు మీద యుద్ధం వచ్చింది. ధర యాభైఏడయింది. తర్వాత యాభైమూడు. అప్పుకు కొన్నవాడికి ధర పడేటప్పుడు జరిగేది పూర్తిగా అర్థమయింది నాకు. అప్పు ఇరవైనాలుగువేలలో పైసా తగ్గదు. పడినదంతా మన భాగంలో నుంచే పోతుంది. బ్రోకరు దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది, పూచీ పలచబడింది, కొంత పంపగలరా అని. నేను జవాబు రాశాను. మా కుటుంబం ఎవరికీ ఎగవేసినది కాదని, నా మాటే పూచీ అని. ఆ వాక్యం రాసి రెండుసార్లు చదువుకుని సంతోషించాను కూడా. మద్రాసు మేడ మీది గదిలో మా తాత పేరుకు ఏం విలువ ఉంటుందో అప్పుడు ఆలోచించలేదు.

మంగళవారం మధ్యాహ్నం వాన. నేను స్టేషనుకు పోలేదు. బంట్రోతు సైకిలు నడిపించుకుంటూ మా వీధిలోకి వచ్చాడు. అతని వెనక అప్పటికే ఏడెనిమిదిమంది, గోనెపట్టాలు నెత్తిన వేసుకుని. ఎదురింటి అక్క అందరికంటే ముందు వచ్చింది. అక్క అంటే వరసకు. మా పొలాలు చేసిన కుటుంబం, భర్త పోయి ఒక్కతే ఉంటుంది.

తంతి ఇంగ్లీషులో ఉంది. పూచీ చాలదు, గురువారం మధ్యాహ్నం పన్నెండులోపు రెండువేల నాలుగువందలు పంపండి, లేనిపక్షంలో అన్నీ అమ్మేస్తాం.

చదివి తల ఎత్తేసరికి అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. బంట్రోతు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

“ఎవరు నాయనా?” అంది అక్క.

అప్పులవాడు డబ్బు అడిగాడు అనాలి. ఆ అరుగు మీద, తాత కూర్చున్న చోట నిలబడి, వాళ్ళందరికీ ఆ మాట చెప్పాలి. తంతి మడిచి జేబులో పెట్టుకున్నాను.

“మద్రాసులో మా చిన్నాయన” అన్నాను.

నాన్న పెదనాన్న కొడుకు ఒకాయన చిన్నప్పుడే రంగూను పోయాడు. తిరిగి మద్రాసు వచ్చాడని ఎవరో అన్నారు. బతికున్నాడో లేదో కూడా నాకు తెలియదు. ఆ క్షణంలో నోటికి వచ్చిన మనిషి ఆయన.

“అయ్యో, రంగూను అబ్బయ్యా!” అని అక్క అక్కడే కూలబడింది. ఆమె ఆయన్ను చిన్నప్పుడు చూసిందట.

అంత్యక్రియలు అయిపోయాయని రాశారు, నేను పోనక్కర్లేదు అన్నాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. అప్పుడు గుర్తొచ్చింది. దాయాది పోతే పదిరోజుల మైల. మా ఇంట్లో మైల రోజుల్లో డబ్బు ముట్టరు, కలం పట్టరు. ఇది తాత పెట్టిన కట్టుబాటు. ఆయన తల్లి పోయినప్పుడు తాసీల్దారు మనిషి సంతకానికి వస్తే పదోరోజు దాకా సత్రంలో ఉంచాడు. ఊళ్ళో ఆ కథ తెలియనివాడు లేడు. రేపు పొద్దున్నే నెల్లూరు పోయి ఎక్కడైనా నోటు రాసి డబ్బు తెచ్చి, బ్యాంకు తంతి ద్వారా పంపాలన్నది నాకున్న ఒకే దారి. దాన్ని నా నోటితో నేనే మూసుకున్నాను.

ఆ సాయంత్రం మా ఇంటికి జనం వచ్చారు. తడి కాళ్ళతో అరుగు మీదా వసారాలోనూ కూర్చున్నారు. మైల ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని అక్క అన్నం, చింతపండు చారు తెచ్చింది. ఎవరో చాప పరిచారు. మర్నాడూ వచ్చారు. ఒక ముసలాయన, రంగూను పోయిన మనిషి పదేళ్ళప్పుడు మా తాత గుర్రం ఎక్కి సముద్రంలోకి తోలిన సంగతి చెప్పాడు.

“గుర్రం ఒడ్డుకొచ్చింది గాని ఈయన పంచె రాలా! మీ తాత పెద్దయ్య బెత్తం పట్టుకుని ఒడ్డున, ఈయన మొలలోతు నీళ్ళలో. పొద్దుగుంకిందాకా బయటకి రాలేదు గదా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎంతకాలానికి ఆ ఇంట్లో నలుగురి నవ్వు వినిపించిందో. తంతి జేబులో ఉంది. గురువారం మధ్యాహ్నం దగ్గరపడుతోంది. అయినా చుట్టూ మనుషులున్నందుకు లోపల ఎక్కడో హాయిగా ఉంది. ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

బుధవారం మధ్యాహ్నం షావుకారు కారులో వచ్చాడు. తోట కావలివాడు పొద్దుటి బస్సులో పోయి కబురు చెప్పాడట. అందరితోపాటు కాసేపు కూర్చుని, కాళ్ళు కడుక్కుంటానని లేచి నన్ను పెరట్లోకి పిలిచాడు. బావి దగ్గర వాన తుంపర పడుతోంది.

“ఎంత అడిగినాడు?” అన్నాడు.

నేను చేద బావిలోకి వదిలాను.

“చిన్నయ్యా, ఆ బ్రోకరు నాకూ బ్రోకరే. నాకూ తంతులొస్తాయి. ఎప్పుడొస్తాయో తెలుసు. నిన్న ధర నలభైఎనిమిది. నీది ఎంత తరిగిందో నేను నోటితోనే లెక్క కట్టగలను.”

“నువ్వు అదే షేరు అమ్మి ఉన్నావా?”

“ఉన్నా. అరవైనాలుగు రూపాయల కాడ అమ్మినా.” తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. “ఎవరి కాగితాలు నాకు అప్పిచ్చినాడో నేను అడగలా.”

అర్థమయింది. తాత పేరు రాసి ఉన్న ఆకుపచ్చ అంచు కాగితాలు బ్రోకరు పెట్టెలో ఉన్నాయని నేను అనుకుంటున్నాను. అవి ఈయన చేతుల మీదుగా ఎప్పుడో ఎవరికో పోయి ఉండవచ్చు. ఆ అమ్మకమే ధరను ఇంకొంచెం కిందికి తోసి ఉండవచ్చు.

“మూడువేలు తెచ్చినా” అన్నాడు. “ఇట్టే నెల్లూరు పోయి పంపించేస్తా. ధర పడితేనే నాకు లాభం, ఇది నా ఆటకి ఎదురు. అయినా పంపిస్తా. ఒక్క నెల తట్టుకుంటే మళ్ళీ లేస్తుంది.”

“నేను మైలలో ఉన్నాను షావుకారూ. డబ్బు ముట్టను. నోటు మీద సంతకం చెయ్యను.”

చిన్నాయన చావు ఎటువంటిదో ఆయనకు తెలుసు. తెలుసని నాకూ తెలుసు.

“నువ్వు ముట్టబాక. సంతకం వద్దు. నేనే కడతా. మీ తాత మా నాయన్ని నమ్మి కళ్ళం అప్పగించినాడు, కాగితం రాయించుకున్నాడా?”

సంతకం లేకుండా తీసుకుంటే అది అప్పు కాదు. వడ్లు కొలిచినవాడి కొడుకు మా ఇంటికి వేసిన భిక్ష. అప్పుడు నాకు అలాగే అనిపించింది. ఆయన చెప్పిన మాటలో మర్యాద తప్ప ఇంకేమీ లేదని తెలుసుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

“పదోరోజు తర్వాత చూద్దాం” అన్నాను.

“పదోరోజుకి ఏముంటుంది చిన్నయ్యా చూడటానికి?” అని, కాళ్ళు కడుక్కోకుండానే వెళ్ళిపోయాడు.

గురువారం. వసారాలో గోడగడియారం పన్నెండు కొట్టింది. పన్నెండు గంటలూ లెక్కపెట్టాను. పక్కన ఎవరో పొగాకు నారు గురించి మాట్లాడుతున్నారు. మద్రాసు హాలులో ఎవరో ఒక అంకె అరిచి ఉంటారు, ఇంకెవరో దానికి ఒప్పుకుని ఉంటారు. నా కళ్ళ వెంట నీళ్ళు కారడం ఎదురింటి అక్క చూసింది.

“ఏడువు నాయనా, లోపల పెట్టుకోబాక. ఎంతైనా రక్తం” అని నా వీపు నిమిరింది. అమ్మ పోయాక నన్ను ఎవరూ అలా ముట్టుకోలేదు.

పదోరోజు ఊరివాళ్ళు నా వెంట సముద్రానికి వచ్చారు. లేని చావుకు మూడు మునకలు వేశాను. తడిబట్టలతో తోట పక్కనుంచి తిరిగి వచ్చాం. గుమ్మం దగ్గర ఎవరిళ్ళకు వాళ్ళు చీలిపోయారు. మర్నాడు అరుగు మళ్ళీ ఖాళీ. ఆ వారంలోనే బ్రోకరు లెక్క వచ్చింది. ఆరువందల షేర్లూ నలభైమూడు రూపాయలకు అమ్మారు. అప్పు, వడ్డీ, బ్రోకరు కమీషను పోను నాకు నాలుగువందల చిల్లర చెక్కు. యుద్ధం ఆగాక ధర నెల తిరక్కుండానే యాభైరెండుకు వచ్చింది. షావుకారు చెప్పినట్టే. ఆ పేపరు ప్లాట్‌ఫారం మీద చదివి, మడిచి, బెంచీ మీదే వదిలేసి వచ్చాను.

బెజవాడ అక్కకు చెప్పలేదు. ఆగస్టు వచ్చింది. ఆమె సగం ఆమెకు పోవాలి. బిట్రగుంట రైల్వే కాలనీలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక రైలింజను ఫైర్‌మన్ ఇంటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి రమ్మనేదాకా ఎంతసేపు ఉన్నానో నాకు తెలుసు. ఇంటి ముందు రెండు గదులు వడ్ల నిలవకు షావుకారుకు అద్దెకిచ్చాను. నెల నెలా ఆయనే వచ్చి అద్దె ఇచ్చి రసీదు మీద సంతకం చేయించుకునేవాడు. షేర్ల సంగతి గాని, బావి దగ్గర మాటలు గాని ఎన్నడూ ఎత్తలేదు. అలా కూడబెట్టి ఏటా ఐదువందలు బెజవాడ పంపాను. మనియార్డరు కూపను మీద, మిల్లువాళ్ళు ఇచ్చినదాంట్లో నీ సగం, అని రాసేవాణ్ణి. లేని షేర్లకు డివిడెండు. షావుకారు నాకు ఒకప్పుడు చెప్పిన షార్టు ఆట ఇదే. నేను ఇవ్వవలసిన సరుకు నా దగ్గర లేదు. ఎప్పటికైనా తెచ్చి ఇవ్వాలి.

ఐదేళ్ళు పంపాను. ఆరో ఏడు రెండో తంతి వచ్చింది.

అదే బంట్రోతు. జుట్టు నెరిసింది. సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. వెనక అంతమంది లేరు, ఆ రోజు ఊరంతా కోతల్లో ఉంది. ఎదురింటి అక్క మాత్రం గడప మీద నిలబడింది.

బావ ఇచ్చిన తంతి. అక్క పొద్దున పోయింది. వెంటనే రండి.

“ఎవరు నాయనా?”

చెబితే ఆమె పరుగెత్తుకొస్తుంది. కోతలు ఆపి జనం వస్తారు. అరుగు నిండుతుంది. నా వీపు నిమురుతారు. అవన్నీ ఒకసారి తీసేసుకున్నాను నేను. చావు లేకుండా తీసుకున్నాను. మళ్ళీ ఏ ముఖంతో తీసుకోను?

“ఎవరూ కాదక్కా. షేర్ల సంగతి” అన్నాను.

“షేర్లా! దానికి తంతి ఎందుకు, మనుషుల గుండెలు ఆగిపోను” అని విసుక్కుంటూ లోపలికి పోయింది.

సైకిలు స్టేషనులో పెట్టి బెజవాడ బండి ఎక్కాను. అన్నీ ముగిశాక బావ నన్ను పక్కకు పిలిచాడు.

“నిన్నొకటి అడగాలయ్యా. ఆ మిల్లు రెండేళ్ళుగా ఎవరికీ పైసా ఇవ్వలేదటగా? మీ అక్క పేపర్లో చూసింది.”

నేను తల దించుకున్నాను.

“అక్క నాతో ఎందుకనలేదు?” అన్నాను.

“నన్నూ అననివ్వలేదు. వాడు పంపుతున్నాడు, మనం పుచ్చుకోవాలి అంది. వద్దంటే వాడు తల ఎత్తుకుని తిరగలేడు అంది.”

మర్నాడు ఇంటికి వచ్చాను. పెళ్ళయి పోయిన తోబుట్టువుకు మైల మూడురోజులే, ఇంకా ఒక రోజు ఉంది. ఊళ్ళో ఎవరికీ తెలియదు. నూతి దగ్గర స్నానం చేసి, పొయ్యి వెలిగించకుండా, తడి పంచె ఆరేసుకుని అరుగు మీద కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా షావుకారు వచ్చాడు. అది నెల మొదటి వారం. జేబులోంచి రసీదు పుస్తకం తీసి, పెన్ను మూత విప్పి నా వైపు చాచాడు.

“ఎల్లుండి దాకా ఆగండి షావుకారు గారూ” అన్నాను.

ఆయన చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఆరేసిన పంచె చూశాడు. చల్లారిన వంటింటి వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఎవరని అడగలేదు. చెప్పులు మెట్టు కింద విడిచి, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. తాత కాలం నుంచి వాళ్ళ ఇంటివాళ్ళు ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదలు. అప్పుడు బావి దగ్గరకు వచ్చిన రోజున కూడా కింద చాప మీదే కూర్చున్నాడు.

ఎదురింటి అక్క వాకిలి ఊడుస్తూ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

“ఏంది షావుకారు గారూ, చీకటి పడబోతోంది, ఇంకా ఈడనే కూర్చున్నారు?”

“షేర్ల సంగతి మాట్లాడుకుంటున్నాం లే అమ్మా” అన్నాడాయన.

మేమేమీ మాట్లాడుకోలేదు. వీధి చివర కోతల బళ్ళు ఒక్కొక్కటే ఇళ్ళకు తిరుగుతున్నాయి. చివరి బండి పోయేదాకా ఆయన లేవలేదు.